రోజూ పండ్లే తింటున్నా ట్రైగ్లిజరైడ్స్ 642 ఎందుకు వచ్చాయి?

ప్రశ్న: నా వయసు 47. తణుకులో ఉంటాను. కూర్చుని చేసే ఉద్యోగం. ఆరు నెలల కిందట రక్తపరీక్షలో మొత్తం కొలెస్ట్రాల్ 238, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలోని ఒక రకం కొవ్వు) 290, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 36, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 144 వచ్చాయి. డాక్టర్ గారు రాత్రిపూట వేసుకోమని ఒక మాత్ర రాశారు. నెలన్నర వాడాను. ఈ మాత్ర మొదలుపెడితే జీవితాంతం వాడాలని, లివర్ పాడవుతుందని ఫ్రెండ్స్ చెబితే ఆపేశాను. సహజంగా తగ్గించుకుందామని పొద్దున పెద్ద గ్లాసుతో యాపిల్, బీట్‌రూట్, క్యారెట్ జ్యూస్ తాగుతున్నాను. రాత్రి అన్నం మానేసి పండ్లే తింటున్నాను, ఇప్పుడు సీజన్ కాబట్టి మామిడిపండ్లు కూడా. మొన్న మళ్ళీ పరీక్ష చేయిస్తే ట్రైగ్లిజరైడ్స్ 642, హెచ్‌డీఎల్ 32. ఎల్‌డీఎల్ దగ్గర అంకె వేయలేదు. ల్యాబ్ వాళ్ళ పొరపాటా? కొలెస్ట్రాల్ తగ్గాలంటే ఏ పండ్లు తినాలి? మామిడి తినొచ్చా? రాత్రిపూట పండ్లు తినకూడదంటారు, నిజమేనా? మధ్యమధ్యలో పొట్ట పైభాగంలో నొప్పి వచ్చి వీపులోకి పాకుతోంది. గ్యాస్ మాత్ర వేసుకుంటే తగ్గుతోంది. వారానికోసారి రెండు పెగ్గులు తప్ప వేరే అలవాట్లు లేవు.

జవాబు: పండ్ల గురించి తర్వాత చెబుతాను. ముందు ఆ నొప్పి సంగతి చూడాలి. ట్రైగ్లిజరైడ్స్ 642 ఉన్న మనిషికి పొట్ట పైభాగంలో నొప్పి వచ్చి వీపులోకి పాకుతోందంటే దాన్ని గ్యాస్ అని నేను అనను. అది గ్యాసే కావచ్చు, పిత్తాశయంలో రాళ్ళు కావచ్చు. కానీ ముందు చూడాల్సినవి రెండు. ఒకటి క్లోమం, అంటే పాంక్రియాస్ వాపు. రెండోది గుండె. గుండె కింది భాగానికి రక్తం అందకపోయినా కొందరికి ఛాతీలో కాకుండా పొట్ట పైభాగంలోనే నొప్పి వస్తుంది. గ్యాస్ మాత్రతో తగ్గుతోందని రాశారు. మాత్ర వల్ల తగ్గుతోందో, దానంతటదే తగ్గుతోందో ఇంట్లో కూర్చుని చెప్పలేం. ఇది చదివాక రేపో ఎల్లుండో దగ్గర్లోని ఫిజీషియన్‌ని కలవండి. ఈసీజీ, క్లోమం వాచిందేమో చెప్పే లైపేజ్ రక్తపరీక్ష, పొట్ట స్కానింగ్ లాంటివి అవసరమా అన్నది ఆయన చూసి చెబుతారు. ఈలోగా నొప్పి ఎక్కువైనా, వాంతులైనా, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళిపోండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ట్రైగ్లిజరైడ్స్ 150 లోపు ఉండాలి. 200 దాటితే ఎక్కువ, 500 దాటితే చాలా ఎక్కువ. అక్కడినుంచి క్లోమం గురించి కూడా ఆలోచిస్తాం. 1000 దాటితే ప్రమాదం బాగా పెరుగుతుంది. మీది 642 కదా, ఇంకా దూరం ఉందిలే అనుకోకండి. అది పరగడుపున తీసిన లెక్క. పెళ్ళి భోజనం చేసి, పైన రెండు పెగ్గులు పడిన రోజున ఎంతకు వెళుతుందో ఎవరికీ తెలియదు.

కొన్నేళ్ళ కిందట ఇలాంటి వేసవిలోనే ఒకాయన కడుపునొప్పితో నా దగ్గరికి వచ్చారు. రక్తం తీసి ట్యూబు స్టాండులో పెట్టాం. కాసేపటికి ఎర్రకణాలు కిందికి దిగాయి. పైన తేటగా, లేత పసుపు రంగులో నిలవాల్సిన సీరం పాలలా తెల్లగా ఉంది. కాఫీలో పోసుకునే చిక్కటి పాలు ఎలా ఉంటాయో అలా. ఆయనకు ట్రైగ్లిజరైడ్స్ 1400 పైన వచ్చాయి, క్లోమం వాచిపోయింది. షుగర్ ఉందన్న సంగతి ఆయనకు ఆ రోజే తెలిసింది. కోలుకుని ఇంటికి వెళ్ళారు కానీ, చాలా రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. మీకూ అలా జరుగుతుందని అనడం లేదు. అలా జరగడానికి వీలు లేకుండా చూసుకోమంటున్నాను.

ఎల్‌డీఎల్ దగ్గర ఖాళీ వదిలింది ల్యాబ్ పొరపాటు కాదు. చాలా ల్యాబ్‌లు ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలవవు, లెక్క కడతాయి. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌ని, ట్రైగ్లిజరైడ్స్‌లో అయిదో వంతుని తీసేస్తే వచ్చేదే ఎల్‌డీఎల్. మీ పాత రిపోర్టు చూడండి: 238లోంచి 36, 58 తీసేస్తే 144. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఈ లెక్క పనికిరాదు కాబట్టి అంకె వేయలేదు. కావాలంటే ‘డైరెక్ట్ ఎల్‌డీఎల్’ అని విడిగా చేయించుకోవచ్చు.

ఇప్పుడు మీరు అడిగిన పండ్ల సంగతి. కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్స్ రెండూ రక్తంలో కొవ్వులే అయినా అవి పెరిగే దారులు వేరు. పండ్లు, కూరగాయల్లో కరిగే పీచు ఉంటుంది. అది పేగులో జిగురులా మారి పైత్యరసాన్ని పట్టుకుని మలంతో పాటు బయటికి తీసుకుపోతుంది. లివర్ మళ్ళీ పైత్యరసం తయారు చేసుకోవాలి. దానికి ముడిసరుకు కొలెస్ట్రాలే. అందుకని రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని లాక్కుంటుంది. కూరగాయలు తింటే కొలెస్ట్రాల్ తగ్గుతుందనడంలో ఉన్న నిజం ఇదే. అయితే ఎంత తగ్గుతుందో కూడా తెలుసుకోవాలి. రోజుకు 5 నుంచి 10 గ్రాముల కరిగే పీచు తింటే ఎల్‌డీఎల్ సుమారు 5 శాతం తగ్గుతుంది. కొలెస్ట్రాల్ తగ్గడానికి రాసే స్టాటిన్ రకం మాత్ర మామూలు మోతాదులోనే 30 శాతానికి పైనే తగ్గిస్తుంది.

ట్రైగ్లిజరైడ్స్ విషయం అలా కాదు. తిన్న నూనెతోనే కాదు, అవసరానికి మించి తిన్న అన్నం, చక్కెర, మద్యంతో కూడా లివర్ వాటిని తయారు చేస్తుంది. పండ్లలో ఉండే ఫ్రక్టోజ్ అనే చక్కెరలో ఎక్కువ భాగం లివర్‌కే చేరుతుంది, ఎక్కువైతే అక్కడ కొవ్వుగా మారుతుంది. ఒక జామకాయ కొరికి నమిలి తిన్నప్పుడు ఈ గొడవ లేదు. కొంచెం చక్కెర, దాంతో పాటు బోలెడు పీచు, కడుపు నిండిపోతుంది. అదే రెండు యాపిల్స్ జ్యూస్ తీస్తే పిప్పి చెత్తబుట్టలోకి, 30 గ్రాములు దాటిన చక్కెర గ్లాసులోకి వెళతాయి. అంటే ఆరేడు చెంచాల చక్కెర రెండు నిమిషాల్లో తాగేస్తున్నారు. పైన బీట్‌రూట్, క్యారెట్ చక్కెర వేరే. రాత్రికి మామిడి. రెండు పెద్ద బంగినపల్లి పండ్ల గుజ్జు 400 గ్రాములు ఉందనుకుంటే అందులో చక్కెరే 50 గ్రాములు దాటుతుంది. మీరు అన్నం మానేశాననుకుంటున్నారు కానీ, దాని చోటికి చక్కెర వచ్చింది. పోనీ ఆ పళ్ళెంలో పప్పు, కూర, పెరుగు ఉన్నాయా అంటే అవీ పోయాయి.

అయినా 290 నుంచి 642కి రావడం పండ్ల ఒక్కదాని వల్లే అని నాకు అనిపించడం లేదు. ఇంత ఉత్తరం రాశారు, షుగర్ గురించి ఒక్క ముక్క రాయలేదు. షుగర్ అదుపులో లేకపోతే ట్రైగ్లిజరైడ్స్ ఇలాగే పైకి పోతాయి. థైరాయిడ్ తగ్గినా, కిడ్నీ జబ్బులున్నా, స్టెరాయిడ్స్ వాడుతున్నా పెరుగుతాయి. కాబట్టి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), క్రియాటినిన్ (కిడ్నీ), లివర్ పరీక్షలు చేయించడం గురించి మీ డాక్టర్ని అడగండి. మద్యం మాత్రం పూర్తిగా ఆపండి. 500 దాటిన వాళ్ళకు ‘వారానికి రెండే పెగ్గులు’ అనే వెసులుబాటు నేను ఇవ్వను.

మాత్ర దగ్గర మీరు తప్పు చేశారు. మొదలుపెట్టినందుకు కాదు, అడగకుండా ఆపినందుకు. ఏ మాత్రో పేరు రాయలేదు. రాత్రి వేసుకోమన్నారు కాబట్టి స్టాటిన్ అయి ఉంటుందనుకుంటున్నాను. వారంలో నలుగురైదుగురు నా దగ్గరికి ఇదే మాటతో వస్తారు: ‘నంబరు తగ్గింది, ఆపేశాను’, ‘ఫ్రెండ్ వద్దన్నాడు, ఆపేశాను’, ‘వీడియోలో చూశాను, ఆపేశాను’. స్టాటిన్ ఆపితే కొద్ది వారాల్లోనే ఎల్‌డీఎల్ పాత చోటికి వచ్చేస్తుంది. బయటికి ఏమీ తెలియదు, నొప్పి ఉండదు, అందుకే ధైర్యంగా ఆపేస్తారు. లివర్ భయం గురించి చెప్పాలంటే, కొద్దిమందికి లివర్ ఎంజైములు కాస్త పెరుగుతాయి. నిజంగా లివర్ దెబ్బతినడం చాలా అరుదు. కండరాల నొప్పులు మాత్రం కొందరికి వస్తాయి. అలా వస్తే మోతాదు తగ్గించడానికో, మాత్ర మార్చడానికో దారులున్నాయి. ఆ మాట చెప్పాల్సింది రాసిన డాక్టర్‌కి. ఆయన మీ చెయ్యి పట్టుకుని చూశారు, మీ ఇంట్లో ఎవరికి గుండెజబ్బు ఉందో అడిగారు. మీ ఫ్రెండ్ ఇవేవీ చూడలేదు. మన దక్షిణాసియా వాళ్ళకు మొదటి గుండెపోటు మిగతా ప్రపంచం కంటే అయిదారేళ్ళు ముందే వస్తోందని ‘ఇంటర్‌హార్ట్’ అధ్యయనంలో తేలింది. 47 ఏళ్ళకు, హెచ్‌డీఎల్ 32తో మాత్ర ఆపి ప్రయోగాలు చేసే టైమ్ కాదిది.

అలాగని ఇంట్లో మిగిలిన పాత మాత్రలు ఇవాళ రాత్రే మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు. 642కి స్టాటిన్ ఒక్కటే చాలా, ట్రైగ్లిజరైడ్స్ తగ్గించే ఫైబ్రేట్ రకం మందు కూడా కావాలా అన్నది మిగతా రిపోర్టులు చూడకుండా ఉత్తరం మీద నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా.

తిండి విషయానికొస్తే, పండ్ల కంటే ముందు కూరగాయలు పెంచండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు కలిపి, 100 గ్రాముల పండ్లు అని ఉంది. నాలుగు వంతుల కూరగాయలకు ఒక వంతు పండ్లు. మన ఇళ్ళల్లో కూర అంటే అన్నం కలుపుకోవడానికి రెండు గరిటెలు. అది తిరగబడాలి. కూర ఎక్కువ, అన్నం ఒకటిన్నర కప్పు.

బెండకాయ జిగురుగా ఉంటుందని ఎండబెట్టి, బోలెడు నూనెలో కరకరలాడేలా వేయించేస్తాం. ఆ జిగురే మనకు కావలసిన కరిగే పీచు. టొరంటోలో డేవిడ్ జెన్‌కిన్స్ అనే శాస్త్రవేత్త కొలెస్ట్రాల్ తగ్గించే ఆహారం మీద 2003లో చేసిన ప్రయోగంలో ఓట్స్, బార్లీ, సోయా, బాదంతో పాటు బెండకాయ, వంకాయ కూడా పెట్టారు. ఆ భోజనంతో నెలలో ఎల్‌డీఎల్ 29 శాతం దాకా తగ్గింది. అది అన్నీ కలిపి, కొలిచి పెట్టిన తిండి. ఇంట్లో సొంతంగా వండుకున్నవాళ్ళకు తర్వాతి అధ్యయనంలో 13 శాతం దాకానే తగ్గింది. కాబట్టి బెండకాయ పులుసు, గోరుచిక్కుడు కూర, ఆనపకాయ పప్పు, తోటకూర ఇలా రోజూ ఏదో ఒకటి, తక్కువ నూనెతో. కూరగాయే కదా అని అరటికాయ వేపుళ్ళు, మిరపకాయ బజ్జీలు ఈ లెక్కలోకి తేకండి. బంగాళాదుంప, చేమదుంప అన్నం ఖాతాలోకే వస్తాయి.

పండ్లలో మీకు జామకాయ మంచిది. యాపిల్ తొక్కతో తినండి. బత్తాయి తొనలు తెల్లటి పొరతో సహా తినండి, జ్యూస్ వద్దు. బొప్పాయి ఒక కప్పు ఫర్వాలేదు. సపోటా, సీతాఫలం, ద్రాక్ష ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మామిడి కూడా, షుగర్ రిపోర్టు వచ్చి ట్రైగ్లిజరైడ్స్ 500 లోపుకి దిగేదాకా. ఆ తర్వాత భోజనంలో అన్నం కాస్త తగ్గించుకుని రెండు ముక్కలు తినొచ్చు, మీ డాక్టర్ సరేనంటే. రాత్రిపూట తినకూడదన్న నియమం ఏమీ లేదు. ఎంత తిన్నారన్నదే లెక్క.

అమెరికాలో ఉండి ఇది చదివేవాళ్ళకు ఒక మాట. గ్రేప్‌ఫ్రూట్ కొన్ని స్టాటిన్ల మోతాదును రక్తంలో పెంచేస్తుంది, ముఖ్యంగా సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్. అది మన ద్రాక్షపండు కాదు, పుల్లటి నారింజ జాతి పండు. మన పంపర పనస దానికి దగ్గరి చుట్టం కాబట్టి, ఆ మాత్రలు వాడేవాళ్ళు రోజూ తినే అలవాటు పెట్టుకోకపోవడం మంచిది.

పరీక్ష మళ్ళీ చేయించేటప్పుడు ముందురోజు రాత్రి 8 లోపు తేలిగ్గా తిని, మర్నాడు మంచినీళ్ళు తప్ప ఏమీ తాగకుండా వెళ్ళండి. కాఫీ కూడా వద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు రెండు రిపోర్టులతో పాటు మీరు మధ్యలో ఆపేసిన ఆ మాత్రల స్ట్రిప్, నొప్పికి వేసుకుంటున్న గ్యాస్ మాత్రల స్ట్రిప్ కూడా పట్టుకెళ్ళండి. ఎన్ని వాడారో, ఎన్ని మిగిలాయో ఆయన చూడాలి.