‘పుట్ ఆఫ్’ అంటే వాయిదానా, రద్దా?

‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయడమా, రద్దు చేయడమా అని అడిగారు. వాయిదా వేయడమే. ఈ ఒక్క ముక్క సమయానికి తెలియక నేను ఉద్యోగం పోగొట్టుకున్నాను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మహేంద్రతనయ నది అవతల శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. నాకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు అమ్మ నేర్పింది. డిగ్రీ అయ్యాక బరంపురంలో ఒక ప్రైవేటు ఆఫీసు నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. తెల్లవారుజామున బస్సెక్కి వెళ్ళేసరికి గేటుకి కాగితం అంటించి ఉంది, జిగురు ఇంకా ఆరలేదు. ‘టుడేస్ ఇంటర్వ్యూ ఈజ్ పుట్ ఆఫ్.’

మా నాన్నగారు రాత్రి పడుకునే ముందు ‘లైటు పుట్ ఆఫ్ చెయ్యరా’ అనేవారు. నా బుర్రలో అదే ఉంది. ఆర్పేశారు, అయిపోయింది అనుకున్నాను. వాచ్‌మన్‌ని అడిగితే ‘స్థగిత హేలా’ అన్నాడు. ఒడియాలో స్థగితం అంటే వాయిదా పడటం. తెలుగు పేపర్లో రాకపోకలు స్థగితం అంటే ఆగిపోవడం. ఒడియా బడిలో చదివినవాణ్ణే, అయినా ఆ టెన్షన్‌లో నా చెవికి తెలుగు అర్థమే తగిలింది.

ఇంటికొచ్చి పోయిందమ్మా అంటే, ‘మళ్ళీ ఎప్పుడో అడిగావా నాన్నా?’ అంది. రద్దయ్యాక మళ్ళీ ఏమిటని విసుక్కున్నాను. పది రోజుల తర్వాత స్నేహితుడు ఎదురుపడి, ‘మొన్న ఇంటర్వ్యూకి నువ్వెందుకు రాలేదురా?’ అన్నాడు.

అందుకే గైడు పుస్తకాలంటే నాకు కోపం. ఒక్కో మాట పక్కన ఒక్కో అర్థం పెట్టి వంద బట్టీ పట్టమంటాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది మా ఊళ్ళోనే. ఆయన సవరలనే గిరిజనుల భాషని వాళ్ళ నోటి నుంచే నేర్చుకున్నారు. ఇంగ్లీషైనా అంతే, మాట వాక్యంతో కలిసి రావాలి. మనం ‘తిట్టిపోసింది’ అంటాం, అక్కడ పోసిందేమిటి? ‘కొట్టిపారేశాడు’ అంటే విసిరేసిందేమిటి? తిట్టు, పోయు అని విడగొట్టి మనం ఎవరం నేర్చుకోలేదు కదా. పుట్, ఆఫ్ అని విడగొట్టినా అర్థం దొరకదు.

‘దే పుట్ ఆఫ్ ద మీటింగ్’, ‘దే పుట్ ద మీటింగ్ ఆఫ్’ రెండూ సరైనవే. ‘ఇట్’ వస్తే మాత్రం మధ్యలోనే పెట్టాలి, ‘పుట్ ఇట్ ఆఫ్’. ఆ తర్వాత పని పేరు వస్తే ‘పుట్ ఆఫ్ గోయింగ్’, ‘టు గో’ కాదు. ‘ద స్మెల్ పుట్ మీ ఆఫ్’ అంటే ఆ వాసనకి తినబుద్ధి కాలేదని, మనసు విరిగిందని. ఇక్కడ వాయిదా ఊసే లేదు.

రద్దుకి వేరే మాట ఉంది, ‘కాల్ ఆఫ్’. ఆ గేటు మీద అది రాసి ఉంటే నేను ఇంటికి రావడం సరైనదే.