సంత మూతపడితే ముందు గాదెలు చూడు

అమ్మాయీ,

పాడేరు ఏజెన్సీలో ఆశా కార్యకర్తగా చేరావని విని చాలా సంతోషపడ్డాను. మళ్లీ కరోనా లాంటిది వస్తే ఏం చెయ్యాలని అడిగావు. ఆ కొండల్లోనే ఆరోగ్య శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

మన ఊళ్లకు జబ్బు కంటే ముందు ఆకలి వస్తుంది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టారు. చింతపండు, పసుపు సంతకు మోసుకెళ్లే కాలం అది. సంతలు ఆగిపోయాయి. జ్వరం ఎరగని గూడేల్లో కూడా ఉప్పు, నూనె, ఎండుచేపలు కొనడానికి చేతిలో డబ్బు లేకుండా పోయింది. అందుకే సంత మూతపడిన వారంలోనే ఇంటింటికీ వెళ్లు. ఎవరింట్లో ఎన్నాళ్లకు తిండి ఉందో రాసుకో. చోడి (రాగి), సామ విత్తనాలు వేరే మూట కట్టి దాచమని ఆడవాళ్లకు చెప్పు, ఆ లెక్క వాళ్ల చేతిలోనే ఉంటుంది. ఆకలికి విత్తనం వండుకుంటే వచ్చే ఏడాదీ పస్తే.

ఆ ఏప్రిల్ నుంచి మనిషికి నెలకు 5 కిలోల బియ్యం ఉచితంగా ఇచ్చారు. అది చాలామందిని కాపాడింది. కానీ కొత్తగా వేరుపడ్డ జంటలకు, పేరు ఎక్కని పిల్లలకు రేషన్ కార్డు ఉండదు. వాళ్ల జాబితా నువ్వే రాసి గ్రామ సచివాలయంలో ఇవ్వు, ఇచ్చాక వదలకుండా అడుగు. ఉత్త బియ్యంతో బాలింతలకు, చిన్నపిల్లలకు బలం రాదు. చోడి అంబలి, కందులు, ఆకుకూరలు, అడవి దుంపలు తినమని చెప్పు. చదువుకున్న పిల్లలు వీటికి సిగ్గుపడుతుంటే నాకు చాలా బాధగా ఉంటుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. వానాకాలంలో తిండి తగ్గితే మామిడి టెంకల అంబలి కాస్తారు. బూజు పట్టిన టెంక విషం. 2001లో ఒడిశాలోని కాశీపూర్ వైపు ఆదివాసులు చనిపోతే, ఆ టెంకలే కారణమని ప్రభుత్వం చెప్పింది. గింజలున్న ఇంట్లో బూజు పట్టిన టెంక ఎవరు వండుకుంటారమ్మా? ఏ ఇంట్లోనైనా అలాంటి టెంక కనిపిస్తే పారేయించు. ఆ పూటకు బియ్యం ఎక్కడినుంచైనా తెప్పించాకే అక్కడినుంచి కదులు.

సంత లేనప్పుడు షావుకారు ఊళ్లోకే వచ్చి, కాస్త ఉప్పు పడేసి చింతపండు ఎత్తుకుపోతాడు. గిరిజన సహకార సంస్థ (జీసీసీ) వాళ్లను ఊరి దగ్గరికే వచ్చి కొనమని, నిత్యావసరాలు అమ్మే వాళ్ల డీఆర్ డిపోలో సరుకు నిండుగా ఉంచమని పెద్దల చేత అర్జీ పెట్టించు. 2020 మే 1న కేంద్రం 49 రకాల అటవీ ఉత్పత్తులకు మద్దతు ధర పెంచింది. కొనేవాడు ఊరికి రాకపోతే ఆ ధర కాగితం మీదే ఉంటుంది.

అప్పట్లో చాలా గూడేలవాళ్లు దారికి కర్రలు అడ్డం కట్టుకున్నారు. దాన్ని మూఢత్వం అనకు, జబ్బును ఆపడానికి వాళ్ల చేతిలో ఉన్న ఉపాయం అదే. సాయం తెచ్చే మంచి మనుషులనూ పొలిమేర దగ్గరే సరుకు దింపమను. ఫొటోల కోసం జనాన్ని గుంపుగా నిలబెట్టనివ్వకు.

ఇక మందుల సంగతి. ప్రతి జ్వరమూ కరోనా కాదు. మన దగ్గర మలేరియా ఉంది, కాబట్టి రెండు పరీక్షలూ చెయ్యి. టీబీ మాత్రలు, సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉన్నవాళ్ల మందులు రెండు నెలలకు సరిపడా ముందే తెచ్చి ఇవ్వు, దారులు మూసేశాక దొరకవు. వేలికి పెట్టే మిషన్‌లో ఆక్సిజన్ 94 కంటే తగ్గితే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి పంపు. బైక్ అంబులెన్స్ రాలేని ఊళ్లలో డోలీ ఎవరు మోస్తారో ఇప్పుడే మాట్లాడి పెట్టుకో. వాళ్లకు మాస్కులు నీ దగ్గరే ఉంచు.

ఇట్లు,
మీ మామయ్య