మొదటిసారి హెచ్‌సీఐ వర్క్‌షాప్ నడపబోతున్నవారికి, భీమవరం అనుభవంతో నా జవాబు

హెచ్‌సీఐ అంటే హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్, మనుషులు కంప్యూటర్లని, ఫోన్లని ఎలా వాడతారో చూసే రంగం. కాకినాడ నుంచి ఒకరు అడిగారు: "హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్ కాన్ఫరెన్సులో మా వర్క్‌షాప్ ప్రపోజల్ ఓకే అయింది. రోజంతా నడపాలి, పాతికమంది వస్తారు, 12 పేపర్లు తీసుకున్నాం. ఒక్కో పేపరుకి 20 నిమిషాలు ఇస్తే సరిపోతుందా? ఇంకేం చూసుకోవాలి?"

20 నిమిషాలు ఇవ్వకండి. దయచేసి ఇవ్వకండి. 12 మందికి ఆ లెక్కన నాలుగు గంటలు అక్కడే అయిపోతాయి, పరిచయాలు, టీ, భోజనం తీసేస్తే చివర్లో ఓ గంట మిగులుతుంది, ఆ గంటలో సగం మంది రైలు టైము చూసుకుంటూ ఉంటారు. నేను మొదటిసారి నడిపినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. అందరూ బాగా మాట్లాడారు, చప్పట్లు కొట్టాం, సర్టిఫికెట్లు ఇచ్చాం, ఇంటికొచ్చి రిపోర్టు రాద్దామని కూర్చుంటే ఆ రోజు కొత్తగా తేలింది ఇదీ అని ఒక్క వాక్యం రాయలేకపోయాను. ఆ రాత్రి పడ్డ బాధ ఇంకా గుర్తుంది. పేపర్లు చదవడానికి మెయిన్ కాన్ఫరెన్సు ఎలాగూ ఉంది. వర్క్‌షాప్‌కి జనం వచ్చేది నలుగురితో కలిసి ఒక చిక్కు మీద పనిచేయడానికి.

రెండోసారి మా భీమవరంలోనే, ఒక కాలేజీలో జరిగిన చిన్న కాన్ఫరెన్సులో పెట్టాం. విషయం రొయ్యల రైతులు వాడే ఫోన్ యాప్‌లు. ఈసారి పేపర్లన్నీ రెండు వారాల ముందే అందరికీ పంపేసి, ఒక్కొక్కరికీ మూడే నిమిషాలు, ఒకటే బొమ్మ అన్నాం. కొందరు నొచ్చుకున్నారు. మూడు నిమిషాల కోసం అంత దూరం నుంచి రావాలా అని ఒకాయన ఫోన్ చేసి మరీ అడిగారు. మిగతా రోజంతా మీదేనండి, బల్ల దగ్గర కూర్చుని ఎంతైనా వాదించొచ్చు అని నచ్చజెప్పాను. సాయంత్రం అందరికంటే ఆఖరున లేచింది ఆయనే.

గదిని ముందే వెళ్ళి కళ్ళారా చూసుకోండి. మాకిచ్చిన సెమినార్ హాల్లో ఏసీ, ప్రొజెక్టరు అన్నీ ఉన్నాయి గానీ కుర్చీలు వరసగా నేలకి బిగించేశారు. ఎదుటివాళ్ళ మొహం కనపడని చోట చర్చ ఎలా సాగుతుంది? బతిమాలి ఇంజనీరింగ్ డ్రాయింగ్ హాలు తీసుకున్నాం. ఏసీ లేదు, కానీ ఆ పెద్ద బల్లల్ని జరుపుకుని ఐదారుగురు చుట్టూ కూర్చోవచ్చు, ఇంతకంటే మంచి వర్క్‌షాప్ గది నేను ఇప్పటిదాకా చూడలేదు. ఆలోచనలు రాసి గోడకి అంటించే స్టికీ నోట్లతోనే ఇబ్బంది వచ్చింది. పైన ఫ్యాన్లు, పొడి రాలే డిస్టెంపర్ గోడలు, మన డెల్టా తేమ, పది నిమిషాల్లో సగం కింద పడ్డాయి. అందుకని చార్టుల్ని బల్లల మీదే పరిచి వాటి మీద అంటించాం. మార్కర్లు లావువి కొనండి. సన్న పెన్ను ఇస్తే కాగితం నిండా రాసేస్తారు, లావు మార్కర్ ఇస్తే ఒక కాగితానికి ఒకటే ముక్క రాస్తారు, మనకు కావలసింది అదే.

ఎందుకంటే తర్వాత ఆ కాగితాల్లో ఒకేలాంటివాటిని గుంపులు చేయాలి. అఫినిటీ డయాగ్రమ్ అంటాం, జపాన్ మానవశాస్త్రవేత్త కవకిటా జిరో ఫీల్డు నోట్సు సర్దుకోవడానికి తయారుచేసిన పద్ధతి నుంచి వచ్చింది, ఆయన పేరు మీదే కేజే పద్ధతి అని కూడా అంటారు. ముందే హెడ్డింగులు రాసిపెట్టి కాగితాల్ని వాటికింద సర్దారంటే మీకు తెలిసిందే మళ్ళీ మీకు కనపడుతుంది. కాగితాలు ముందు, పేర్లు తర్వాత. దీనికి కనీసం గంటన్నర ఉంచండి. మొదటి అరగంట ఏమీ తేలనట్టే ఉంటుంది, టెన్షన్ పడి మధ్యలో దూరి మీరు సర్దేయకండి.

అన్నిటికంటే ముఖ్యం, ఎవరి గురించి మాట్లాడుతున్నామో వాళ్ళని గదిలో కూర్చోబెట్టండి. మేం దగ్గర్లోని ఉండి, ఆకివీడు ఊళ్ళ వైపు నుంచి నలుగురు రైతుల్ని పిలిచాం. తొమ్మిదింటికి మొదలు అంటే ఒకాయన మొహమాటపడుతూ చెప్పారు, తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయా, కరెంటు పోతే జనరేటర్ వేశారా అని చూసుకుంటూ మెలకువగానే ఉంటాం, కాస్త నడుం వాల్చి పదకొండింటికి వస్తామండి అని. షెడ్యూల్ మార్చేశాం. పట్టుబడి, అంటే చెరువులో రొయ్యలు పట్టే పని, ఉన్న రోజయితే అసలు రాలేరు, అదీ ముందే అడగాలి. వాళ్ళకి ఫీజు లేకుండా చూడటం, దారిఖర్చులు, ఆ పూట చెరువు దగ్గర పెట్టుకున్న మనిషి కూలి, ఇవి మీ బడ్జెట్‌లో మొదటి లైనుగా రాసుకోండి.

భోజనాలయ్యాక ఒక బల్ల దగ్గర మేత లెక్క రాసుకునే యాప్‌ని కాగితం మీద గీస్తున్నారు, మెనూ ఎక్కడ పెట్టాలి, బటన్ ఏ రంగు అని. పదకొండింటికి వస్తామన్న ఆ రైతు కాసేపు చూశారు. సీసాలో నీళ్ళు చేతుల మీద పోసుకుని, ఆ తడి వేళ్ళతో ఒక కుర్రాడి ఫోన్ మీద అంకెలు నొక్కారు. 4 నొక్కితే 7 పడింది, ఆ తర్వాత స్క్రీన్ దానంతట అదే జారిపోయింది. "చెక్ ట్రే పైకి లాగి మేత ఎంత మిగిలిందో చూసేటప్పుడు మా చేతులు ఇలాగే ఉంటాయండి, అప్పుడు ఇందులో ఎలా ఎక్కించమంటారు?" అన్నారు. నీటి చుక్క కూడా టచ్‌స్క్రీన్‌కి వేలులాగే తోస్తుందని ఆ గదిలో ఇంజనీర్లందరికీ తెలుసు. మేం తీసుకున్న తొమ్మిది పేపర్లలో ఒక్కదాంట్లోనూ ఆ మాట లేదు. ఆ బల్ల దగ్గరివాళ్ళు గీసినవన్నీ పక్కన పెట్టేసి, తెలుగులో నోటితో చెప్పి ఎక్కిస్తే ఎలా ఉంటుంది, ఏరేటర్ల మోతలో మైకుకి మాట అందుతుందా అని మొదలుపెట్టారు. చీకటి పడేదాకా లేవలేదు.

తేదీల గురించి ఒక మాట. పేపర్ల ఫలితాలు తక్కువ ఫీజు గడువు కంటే ముందే చెప్పేయండి, లేకపోతే విద్యార్థులు డబ్బులు చాలక ఆగిపోతారు. విదేశాల్లో అయితే వీసా కూడా ఉంటుంది. ఈ రంగంలో పెద్దదైన కై (CHI) కాన్ఫరెన్సు 2023లో హాంబర్గ్‌లో, 2024లో హొనొలులులో, 2025లో యొకొహామాలో జరిగింది, అలాంటి చోట్లకి ఆహ్వాన లేఖ ఆలస్యమైతే మన కుర్రాళ్ళు ప్రయాణం మానుకోవాల్సిందే. కరోనా వల్ల 2020లో కై ఆగిపోయాక ఆన్‌లైన్‌లో చేరడం అందరికీ అలవాటైంది, మీరూ అవకాశం ఇవ్వండి, కానీ ఆన్‌లైన్‌వాళ్ళకి విడిగా ఒక బల్ల, దానికి ఒక మనిషి ఉండాలి. గదిలో మూల ల్యాప్‌టాప్ పెట్టి వదిలేస్తే వాళ్ళ నోట మాట రాదు.

చార్టులకి ఫోటోలు అదే రాత్రి తీసి, తేలిన విషయాలు వారంలోపు రాసేయండి. మేం రాసింది రైతులకి తెలుగులో వాయిస్ మెసేజ్‌గా పంపాం. తడి చేతులు చూపించిన ఆయన మర్నాడే తిరిగి పంపారు: "అంతా బాగుందండి, చెక్ ట్రే రోజుకి ఒకసారి చూస్తామని చెప్పారు, అది తప్పు, మేత వేసిన ప్రతిసారీ చూస్తాం." రిపోర్టులో ఆ లైను మార్చి, సహాయం చేసినవారి వరసలో ఉన్న ఆయన పేరుని ఆయన్ని అడిగి రచయితల వరసలోకి తెచ్చాం.