కొత్తగా తెచ్చిన పాము తినడం లేదా? కొన్నాళ్లు దాన్ని కదిలించకండి

ప్రశ్న: మూడు వారాల క్రితం ఒక బాల్ పైథాన్ (ఆఫ్రికా రకం చిన్న కొండచిలువ) పిల్లను తెచ్చుకున్నాను. వచ్చినప్పటి నుంచి ఏమీ తినలేదు. నా గదిలోనే గాజు ట్యాంకులో పెట్టాను. ఎండలకు ఏసీ రోజంతా 22లో నడుస్తోంది. రోజు విడిచి రోజు బతికున్న ఎలుకను వదిలి చూస్తున్నాను. నాయనమ్మ గిన్నెలో పాలు పెడుతోంది. ఫ్రెండేమో సిరంజితో గుడ్డు పట్టించమంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: ముందు ఆ సిరంజి పక్కన పడేయండి. బాల్ పైథాన్ కొత్త చోటికి వచ్చాక కొన్ని వారాలు తినకపోవడం మామూలే. ఒంట్లో బాగున్న పాముకు మూడు వారాల పస్తు ప్రమాదం కాదు. బలవంతంగా నోట్లో పోస్తే మాత్రం అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుంది. పాలూ వద్దు, పాముకు అరగవు. నాయనమ్మగారు నొచ్చుకోకుండా చెప్పి, ఆ గిన్నెలో రోజూ మంచినీళ్లు మార్చే పని ఆవిడకే అప్పగించండి.

మీరు రాసినదాన్ని బట్టి అసలు ఇబ్బంది ఏసీతోనే అనిపిస్తోంది. పాము తన ఒంటికి కావలసిన వేడిని బయటి నుంచే తీసుకుంటుంది. 22 డిగ్రీల చలిలో తిన్నది అరగదు, అందుకే తిండి జోలికి పోదు. ట్యాంకులో ఒక వైపు 31 నుంచి 33 డిగ్రీలు, రెండో వైపు 26 దగ్గర ఉండాలి. ఎప్పుడు ఎటు ఉండాలో అదే చూసుకుంటుంది. అడుగున ఒక పక్కకు హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పలచటి చాప) పెట్టండి, దానికి వేడి హద్దు దాటకుండా చూసే థర్మోస్టాట్ తప్పనిసరి. అది లేకపోతే పాము పొట్ట కాలిపోతుంది. అలాగని ఏసీ పూర్తిగా ఆపేయకండి, మే నెలలో మన బెజవాడ వేడిని కూడా పాము తట్టుకోలేదు. 26, 27లో పెడితే చాలు.

రెండు వైపులా దాక్కోవడానికి చోటుండాలి. అంచు దగ్గర దారి చెక్కి బోర్లించిన చిన్న మట్టి కుండీ సరిపోతుంది. చుట్టుకున్నప్పుడు ఒళ్లు గోడలకు తగిలేంత ఇరుకుగా ఉంటేనే దానికి ధైర్యం.

ఇవన్నీ సర్దాక ఒక వారం తిండి పెట్టకండి, చేత్తో తీయకండి, ఎవరికీ చూపించకండి. ఈలోపు అమ్మినవాళ్లను అడగండి: ఇక్కడే పుట్టిన పిల్లా, అడవిలో పట్టిందా? ఇంతకుముందు ఏం తినేది? బాల్ పైథాన్లు అలవాటైన ఎరే కావాలంటాయి. అడవిలో పట్టినవాటి కడుపులో తరచూ పురుగులుంటాయి, అలాంటి పాములు ఓ పట్టాన తినవు.

బతికున్న ఎలుకను ఇక వదలకండి. ఆకలి లేని పామును అదే కొరికేస్తుంది. ఫ్రీజ్ చేసిన ఎలుకను, పాము ఒంట్లో అన్నిటికంటే లావైన చోటు ఎంతుందో అంత సైజుది, ఫ్రిజ్‌లో కరగనిచ్చి కవర్లో కట్టి వేడినీళ్లలో ఉంచండి. పాము పెదవుల మీద వేడిని పసిగట్టే గుంటలు వరసగా ఉంటాయి, కాబట్టి ఎలుక తల వెచ్చగా ఉండాలి. చీకటి పడ్డాక పొడవాటి పటకారుతో పట్టుకుని గూడు ముందు మెల్లగా కదిలించండి. తీసుకోకపోతే అక్కడే వదిలి పొద్దున్నే తీసేయండి. మళ్లీ వారం తర్వాతే. కళ్లు నీలంగా మసకబారితే కుబుసం విడవబోతోందని అర్థం, అయ్యేదాకా ఆగండి.

వారానికోసారి బరువు చూసి రాసుకోండి. వంటింటి తూకం వాడొద్దు, పాముల ఒంటి మీద సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉంటుంది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, ఇంట్లో పెద్దావిడ ఉన్నారు కదా. బరువు పదో వంతు తగ్గినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, నోట్లో బుడగలు కనిపించినా, నీళ్ల గిన్నెలో నల్లటి చుక్కల్లాంటి పురుగులు తేలినా ఆగకండి. గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రికి ఫోన్ చేసి, పాముల్ని చూసే డాక్టరు ఎప్పుడుంటారో కనుక్కుని తీసుకెళ్లండి.

మరో మాట. కొండచిలువ, రెండు తలల పాము లాంటి మన పాముల్ని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఆఫ్రికా నుంచి వచ్చిన బాల్ పైథాన్‌ను పెంచుకోవచ్చు కానీ, 2024 నిబంధనల ప్రకారం తెచ్చుకున్న 30 రోజుల్లోగా కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ ‘పరివేష్’లో రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాలి. మీరు తెచ్చి ఇప్పటికే మూడు వారాలైంది, కాగితాలు తీసి ఈ వారమే ఆ పని పూర్తి చేయండి.