ప్రోటీన్ బార్ కొనేముందు రేపర్ తిప్పి చూడండి

మీరు అడిగింది ఇదీ: బెంగళూరు బెల్లందూరులో ఆఫీసు, సాయంత్రం జిమ్, బరువు 70 కేజీలు, దారిలో తినడానికి ప్రోటీన్ ఎక్కువ, చక్కెర తక్కువ ఉన్న బార్ ఎలా ఎంచుకోవాలి, జిమ్‌కు ముందు తినాలా తర్వాతా అని. నాదీ దాదాపు అదే రూటు. మారతహళ్లిలో పీజీ, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసు. మూడేళ్లుగా బార్లు తింటున్నా, వాటితో పాటు ఎదురుదెబ్బలూ తిన్నా.

మొదటి ఏడాదంతా రేపర్ ముందువైపు చూసే కొన్నాను. ఒకరోజు మారతహళ్లి బ్రిడ్జి దగ్గర క్యాబ్ కదలకపోతే, తోచక వెనక్కి తిప్పాను. ప్రోటీన్ 10 గ్రాములు, చక్కెర 14 గ్రాములు, 220 క్యాలరీలు. చక్కెర అంటే సుమారు మూడు చెంచాలు! అమ్మ పంపిన వేరుశనగ ఉండలు తింటే లావైపోతానని రూమ్మేట్లకు పంచేసి, వాటి అన్నయ్యలాంటి దాన్ని డబ్బులిచ్చి కొనుక్కుంటున్నానన్నమాట.

అప్పటి నుంచి నాది ఒకటే లెక్క. క్యాలరీలను 10తో భాగించండి. వచ్చిన అంకెకు దగ్గరగా ప్రోటీన్ గ్రాములుంటే అది ప్రోటీన్ బార్. 200 క్యాలరీలకు 20 గ్రాములుంటే భేష్, 15 ఉన్నా పరవాలేదు. 10 దగ్గరే ఆగితే అది చాక్లెట్‌కు చుట్టం. ప్యాకెట్ మీద అంకెలు 100 గ్రాములకా, ఒక బార్‌కా అన్నది కూడా చూసుకోండి. నేను చాలాకాలం 100 గ్రాముల వరుస చదివి సంబరపడ్డాను.

తర్వాత దినుసుల జాబితా. బరువు ఎక్కువున్నది ముందు, తక్కువున్నది తర్వాత రాయాలన్నది రూలు. ముందు వరుసలో వే ప్రోటీనో (పాల నుంచి తీసేది), సోయానో, గింజలో ఉండాలి. చక్కెర ఒక్కచోటే కనిపించదు. గ్లూకోజ్ సిరప్, తేనె, బెల్లం, బ్రౌన్ రైస్ సిరప్ అని విడివిడిగా కూర్చుంటుంది. ఒక్కోటీ కిందికి జరుగుతుంది కానీ అన్నీ కలిపితే తీపి తీపే. ఖర్జూరంతో చేసి ‘నో యాడెడ్ షుగర్’ అని రాస్తే అబద్ధం కాదు, కానీ ఎండు ఖర్జూరంలో సగానికి పైగా చక్కెరే. మా నాన్నగారికి షుగర్ ఉంది. అలాంటిది ఒకటి నమ్మకంగా ఆయన చేతిలో పెట్టాను. తిన్నాక గ్లూకోమీటర్ చూసుకుని ఫోన్ చేసి, ‘ఏరా, ఏం తినిపించావు?’ అన్నారు. అందుకే యాడెడ్ షుగర్ ఒక్కటే కాదు, టోటల్ షుగర్ వరుస కూడా చదవాలి.

చక్కెర సున్నా అని ఉంటే ఇంకాస్త అనుమానించండి. ఆ తీపి చాలాసార్లు చక్కెరకు బదులు వాడే మాల్టిటాల్‌ది. దానిలో చక్కెరతో పోలిస్తే సుమారు సగం క్యాలరీలుంటాయి, గ్లూకోజ్‌నూ కొంత పెంచుతుంది. పూర్తిగా అరగని భాగం పెద్దపేగులో పులిసి గ్యాస్ పుడుతుంది. డైట్ సీరియస్‌గా తీసుకున్న రోజుల్లో ఒక పూట రెండు బార్లు తిని మీటింగ్‌లో కూర్చున్నాను. నా కడుపు చేసిన చప్పుళ్లకు పక్కనున్న టెస్టర్ కుర్చీ జరుపుకున్నాడు. అలాంటిదే ఇంకో తీపి, ఎరిత్రిటాల్, నా కడుపుకు పడింది. చికోరీ పీచు ఉన్నవి కూడా కొందరికి ఉబ్బరం తెస్తాయి. కాబట్టి మొదటిసారే డబ్బా కొనకండి, ఒకటి కొని సెలవురోజు తిని చూడండి.

అసలు మీకు ఎంత ప్రోటీన్ కావాలి? హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్క రోజుకు కేజీ బరువుకు 0.83 గ్రాములు, అంటే మీకు 58. బరువులెత్తేవాళ్లకు కేజీకి 1.4 నుంచి 2 దాకా స్పోర్ట్స్ న్యూట్రిషన్‌లో చెబుతారు. కిడ్నీ సమస్య ఉంటే ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి డాక్టరునే అడగండి. పీజీలో అన్నం, సాంబారుతో అంత రావడం కష్టమే, కానీ ఆ లోటంతా బార్లతో పూడిస్తే జేబు ఖాళీ. గుడ్డులో 6 గ్రాములుంటుంది. పుట్నాలపప్పు 100 గ్రాములకు 20 పైమాటే. ఇక్కడి కిరాణాకొట్టులో హురిగడలె అని అడగండి. పల్లీలలోనూ 25 దాకా ఉంటుంది కానీ నూనె దానికి రెట్టింపు. కార్తీకంలో బసవనగుడి కడలెకాయి పరిషెకు, అంటే పల్లీల జాతరకు వెళ్లి ఉడకబెట్టినవి పొట్లాలకు పొట్లాలు తిని, అది ప్రోటీనే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్న రోజులూ ఉన్నాయి. నేనిప్పుడు వారానికి మూడు బార్లు దాటను. అవీ క్యాబ్ ఇరుక్కుని రాత్రి భోజనం తొమ్మిది దాటుతుందని తెలిసిన రోజునే.

ఇక ముందా, తర్వాతా అన్నారు. తర్వాతే. పీచు, కొవ్వు ఉన్న బార్ నిదానంగా అరుగుతుంది, స్క్వాట్ కిందికి దిగినప్పుడు అది ఎక్కడుందో మీకే తెలుస్తుంది. ముందు ఏదైనా పడాలంటే ఓ గంట ముందు రెండు చిన్న యాలక్కి అరటిపళ్లు చాలు.