ఎడమ చేయి, ఎంబీబీఎస్ సీటు

ప్రశ్న: డాక్టరమ్మకు నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతున్న. ఆరేండ్లప్పుడు చొప్ప కోసే మిషన్‌ల పడి ఎడమ చేతి నాలుగు వేళ్ళు పోయినయి. బొటనవేలు, అరచేయి ఉన్నయి. మణికట్టు పూర్తిగ వంగదు. సదరం సర్టిఫికెట్‌ల 46 శాతం రాసిన్రు. రాసుడు కుడి చేత్తోనే. జడ నేనే వేసుకుంట, గంజి వంచుత, సెలవులల్ల అమ్మతోని పత్తి ఏరుత. డాక్టర్ కావాలని ఉంది. మా కాలేజీల ఒక సారు "రెండు చేతులు మంచిగుంటేనే మెడిసిన్. బోర్డోళ్ళు వాపస్ పంపుతరు, బీఎస్సీ చేసుకో" అన్నడు. ఇంట్ల ఈ మాట ఎత్తితే నాయిన లేచి బయటికి పోతడు. ఆనాడు ఆ మిషన్ నడిపింది ఆయనే. నాకు సీటు వస్తదా? వచ్చినా ఆ పని నాతోని అయితదా? నా పేరు వేయకున్రి.

జవాబు: బిడ్డా, మీ సారు అబద్ధం చెప్పలేదు. ఆయనకు తెలిసింది పాత సంగతి. 2019 నాటి మెడికల్ కౌన్సిల్ మార్గదర్శకాల్లో రెండు చేతులూ పూర్తిగా ఉండాలి, స్పర్శ, బలం, కదలిక సరిపోను ఉండాలి అనే షరతు ఉండేది. దాని వల్ల నీలాంటి పిల్లలు ర్యాంకు తెచ్చుకొని కూడా, వైకల్యం పరీక్షించే మెడికల్ బోర్డు గడప దగ్గరి నుంచి తిరిగిపోయారు. చేతివేళ్ళలో లోపం, ఒక పాదం వంకర ఉన్న ఒక విద్యార్థి మాత్రం సుప్రీంకోర్టు దాకా పోయాడు. కోర్టు చెబితే అతన్ని మళ్ళీ పరీక్షించారు. పరీక్షించిన వాళ్ళలో అయిదుగురు నిబంధన చూసి కుదరదన్నారు. డాక్టర్ సతేంద్ర సింగ్ ఒక్కరే ఆ పిల్లవాడు ఏం చేయగలడో, దానికి ఏ సాధనం సాయపడుతుందో వివరంగా రాసిచ్చారు. ఢిల్లీలో మెడికల్ విద్యార్థులకు పాఠం చెప్పే ఆయనకూ చిన్నప్పుడు పోలియో వచ్చింది. 2025 ఫిబ్రవరి 21న జస్టిస్ గవాయ్, జస్టిస్ విశ్వనాథన్ ఆయన మాటనే నిలబెట్టి, రెండు చేతుల షరతును తప్పుపట్టి, ఆ విద్యార్థికి సీటు ఇప్పించారు. వైకల్యం ఇంత శాతం ఉందని లెక్క చూపి ఎవరినీ కాదనకూడదని, చదవగలరా లేదా అన్నదే బోర్డు చూడాలని 2024 అక్టోబరులోనే ఇంకో తీర్పు ఉంది. ఈ రెండింటి గురించీ మీ సారుకు మర్యాదగానే చెప్పు. ఆయన దగ్గరికి రేపు ఇంకో పిల్ల వస్తుంది.

కోటా సంగతి. 40 శాతం, ఆపైన ఉన్నవాళ్ళకు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం సర్కారు కాలేజీల్లో 5 శాతం సీట్లు ఉంటాయి. నీట్ అర్హతకు జనరల్ వాళ్ళకు 50 పర్సంటైల్ కావాలి. వికలాంగుల కోటాలో జనరల్ అయితే 45, ఎస్సీ, ఎస్టీ, బీసీ అయితే 40. అప్లికేషన్ నింపేటప్పుడే వైకల్యం గడిలో 'అవును' అని పెట్టు. సిగ్గుపడి ఆ గడి వదిలేసి, కౌన్సెలింగ్ నాడు ఏడ్చిన పిల్లలను చూశాను. సదరం కాగితం ఒక్కటే నమ్ముకోకు, వికలాంగులకు దేశమంతా చెల్లే గుర్తింపు కార్డు, యూడీఐడీ అంటారు, అది చేయించు. 2025 జూలైలో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆ కార్డుతో పాటు, ఏ పని ఎట్లా చేసుకుంటావో నువ్వే చెప్పే అఫిడవిట్ కూడా అడిగారు. నువ్వు రాసే ఏడు ఏం అడుగుతారో నోటిఫికేషన్ చదివి చూసుకో.

ఆ అఫిడవిట్ దగ్గరే ఆడపిల్లలు మొహమాటపడతారు. నువ్వు పడకు. జడ వేసుకోవడం అంటే మూడు పాయలను రెండు చేతులతో, కంటికి కనపడకుండా వెనక అల్లడం. నిండు గిన్నెకు మూత అదిమిపట్టి గంజి వంచడం అంటే బరువు, వేడి, పట్టు మూడూ నీ అదుపులో ఉన్నట్టు. ఉత్తరంలో నాకు రాసిన మాటలనే బోర్డు ముందు చెప్పు. చేసి చూపించమంటే చూపించు.

నా సంగతి కూడా చెప్పాలి. మాది కల్వకుర్తి దగ్గరి పల్లె. రెండేండ్లప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది, ఇప్పటికీ క్యాలిపర్‌తోనే, అంటే కాలికి ఊతంగా కట్టే చట్రంతోనే నడుస్తాను. నా రోజుల్లో బోర్డులో ఒక పెద్దమనిషి నన్ను అటూ ఇటూ నడిపించి "టీచర్ ట్రైనింగ్ చేసుకోరాదా అమ్మా" అన్నాడు. సీటు అయితే వచ్చింది. మన దిక్కు అప్పుడు సర్కారు మెడికల్ కాలేజీ ఒక్కటీ లేదు, హైదరాబాద్ పోవాల్సిందే. మొదటి వారమే డిసెక్షన్ హాల్‌లో ఇబ్బంది వచ్చింది. శవం ఉన్న బల్ల ఎత్తు, రెండు గంటలు నిలబడాలి. మూడో రోజు క్యాలిపర్ పట్టీ తొడకు ఒరుసుకొని చర్మం లేచింది. ఉత్తరం రాస్తే మా నాయిన ఏమీ అనలేదు. ఆయన వడ్రంగి పని చేసేవాడు. మరుసటి ఆదివారం బస్సు మీద ఒక వేపకర్ర స్టూలు వేసుకొని దిగాడు. బల్ల ఎత్తు ఎంతో నన్ను అడగలేదు, హాలు తీయించి జేనలతో కొలుచుకున్నాడు. ఎడమ కాలు ఆనించుకోవడానికి అడ్డపట్టె సరిగా ఎక్కడ రావాలో చూసి, అక్కడే కూర్చొని ఇంకో అంగుళం కిందికి దిగ్గొట్టాడు. ఆ స్టూలు మీదనే ఏడాదంతా అనాటమీ చదివాను.

నీకు నిజంగా కష్టమయ్యేవి కుట్లు. కుడి చేతిలో సూదిని పట్టే నీడిల్ హోల్డర్, ఎడమ చేతిలో చర్మాన్ని పట్టే ఫోర్సెప్స్ పట్టాలి. బొటనవేలికీ అరచేతికీ మధ్య పట్టు కుదిరేటట్టు పట్టీ చేయించుకోవాలి, తోటివాళ్ళ కంటే రెండింతలు ప్రాక్టీసు చేయాలి. సర్జన్ అవుతావో లేదో ఇప్పుడు నేను చెప్పలేను. ఇంజెక్షన్, బీపీ, స్టెత్ గురించి మాత్రం బెంగ పెట్టుకోకు. ఒకటి చేసి చూడు. ఒక దిండును నేల మీద పెట్టి, ఎడమ అరచేతి మడమ దాని మధ్యలో ఆనించి, దాని మీద కుడి చేయి వేసి, మోచేతులు వంగకుండా నీ బరువంతా దించు. గుండె ఆగిన మనిషికి మేము చేసే సీపీఆర్ అదే. ఎడమ వేళ్ళతో అక్కడ పనే లేదు. మణికట్టు అడ్డం వస్తే చేతులు మార్చి చూడు. వెల్లూరులో డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడ్డాక, చక్రాల కుర్చీలో కూర్చొనే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు.

పేషెంట్లు నమ్ముతారా అని నువ్వు అడగలేదు గానీ, రేపు నీ మనసులో పడుతుంది. నల్లగొండలో నా ఓపీకి మర్రిగూడ, చండూరు దిక్కు నుంచి ఫ్లోరైడ్ ముసలమ్మలు వస్తారు. నీళ్ళతోనే ఎముకలు బిగుసుకొని, నడుము వంగిపోయి, మెడ తిప్పలేరు. పరీక్ష చేసే మంచం ఎక్కలేక ఎన్నోచోట్ల కూర్చోబెట్టి మందులు రాయించుకొని పోయినవాళ్ళే. మంచం ఎక్కడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే మోకాలి ఎత్తు బెంచీ ఒకటి చేయించిపెట్టాను. నా కాలు చూసి ఇంతవరకు ఒక్కరూ లేచిపోలేదు.

యూడీఐడీ పని ఈ నెలలోనే మొదలుపెట్టు. సదరం కాగితం, ఆధార్, ఫొటోలు పట్టుకొని మీసేవకు పో. పోయేనాడు మీ నాయినను వెంట తీసుకుపో. ఆయన రానంటే ఈ పేజీలో స్టూలు గురించి రాసిన ముక్క చదివి వినిపించి, మళ్ళీ అడుగు.