కొత్తగా బడిపంతులమ్మవైన బిడ్డకు

బిడ్డా,

జగిత్యాల దగ్గర ఊరిబడిలో నాలుగో తరగతి అప్పజెప్పారని, పిల్లలు చీటికిమాటికి కొట్టుకుంటున్నారని రాశావు. వారానికో పీరియడ్ పెట్టి మంచిమాటలు చెబుతానన్నావు. పెట్టు, కానీ అంతటితో సరిపోదు. కోపం వచ్చినప్పుడు ఏం చెయ్యాలో ఆ గొడవ జరిగిన పూటే దగ్గరుండి నేర్పాలి.

రబ్బరు కోసం ఇద్దరు కలబడ్డారనుకో. విడదీసి ముందు మంచినీళ్లు తాగించు. ఆవేశం దిగేదాకా ఏమీ అడగకు, ఆ సమయంలో ఏ మాటా చెవికెక్కదు. తర్వాత "ఎందుకు కొట్టినవ్?" అనకు, సాకులు వెతుక్కుంటారు. "ఏమైంది?" అని అడుగు. ఒకడు చెబుతుంటే రెండోవాడు మధ్యలో రావద్దు. "నేను అడగకుండ రబ్బరు తీసుకున్ననని వానికి కోపమొచ్చింది" అని రెండోవాడు తన నోటితో చెప్పాకే వాడి వంతు. మొదట్లో చాలాసేపు పడుతుంది, ఓర్చుకో. చివర్లో బలవంతంగా సారీ చెప్పించకు. "ఇప్పుడేం చేస్తే సరి అయితది?" అని తప్పు చేసినవాణ్నే అడుగు. గొడవలో చిరిగిన నోట్‌బుక్కుకు అట్ట వేసిస్తానంటే, వేసి ఇచ్చేదాకా గుర్తుపెట్టుకుని చూడు.

పైకి కోపంలా కనబడేది చాలాసార్లు రంది (బెంగ), లేకపోతే బుగులు (భయం). మీ దిక్కు ఎన్నో ఇళ్లలో తండ్రులు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. సెలవు మీద వచ్చిన బాపు మళ్లీ విమానమెక్కిన వారం, పిల్లవాడు ఉత్తపుణ్యానికి పక్కవాణ్ని గిల్లుతాడు. "బాపు యాదికొస్తున్నడా?" అని మెల్లగా అడిగితే తన లోపల ఉన్నదేందో వాడికి తెలుస్తుంది. రంది, బుగులు, యాష్ట (విసుగు), అలక, నామోషీ, ఇట్లా ఇంట్లో వినే మాటలే చార్టు మీద రాసి గోడకు పెట్టు, ఇంకా ఏమున్నాయో పిల్లలనే చేర్చమను. పొద్దున హాజరు తీసుకునేటప్పుడు మనసెట్లుందో వేళ్లతో చూపించమను. ఐదంటే హుషారు, ఒకటంటే బాగాలేదు. చూపించనంటే వదిలెయ్. వరసగా ఒక్క వేలే చూపిస్తున్న పిల్లను ఇంటర్వెల్‌లో, నలుగురూ లేనప్పుడు పలకరించు.

మధ్యాహ్న భోజనం వేళ స్టాఫ్‌రూంలో కూర్చోకు. ఎవరి పక్కన ఎవరూ కూర్చోవడం లేదో చూడు. పాఠంలో అందరూ సమానమని చదివించి, ఒక వాడకట్టు పిల్లలు విడిగా తింటుంటే ఊరుకున్నామంటే వాళ్లకు మనం నేర్పింది ఆ రెండోదే. లెక్కలకైనా, బతుకమ్మకు తంగేడు, గునుగు పూలు తేవడానికైనా జట్లు నువ్వే కలిపి వెయ్యి. వాళ్లనే వేసుకోమంటే మళ్లీ ఆ వాడకట్టే తేలుతుంది.

"సిలబస్ ఎప్పుడైతదమ్మా?" అని హెడ్‌మాస్టరు అడుగుతారు. 2011లో అమెరికా పరిశోధకులు మనసును సంబాళించుకోవడం, నలుగురితో మెలగడం నేర్పే ఇలాంటి 213 కార్యక్రమాల్లోని 2,70,000 మందికి పైగా పిల్లల ఫలితాలను కలిపి చూశారని చెప్పు. ఇవి నేర్చుకున్న పిల్లలు, నేర్చుకోని వాళ్లకన్నా చదువులోనూ సగటున 11 పర్సంటైల్ పాయింట్లు, అంటే వందమందిని మార్కుల వరసలో నిలబెడితే పదకొండు స్థానాలు ముందున్నారు. నాకు ధైర్యమిచ్చేది ఇంకొకటి: బడిలోని టీచర్లే నేర్పిన చోట మాత్రమే ఆ చదువు మెరుగుదల స్పష్టంగా కనబడింది.

పిల్లలు నిన్ను చూసే నేర్చుకుంటారు. "నాకిప్పుడు కోపంగా ఉంది, కాసేపాగి మాట్లాడతా" అని పైకే చెప్పు. బెత్తం ముట్టకు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. పిల్లను అందరి ముందు మొద్దు అనడం కూడా నా లెక్కలో వేధింపే.

ఎవరైనా పిల్ల ఇంట్లో దెబ్బల సంగతో, ఎవరో ఒంటి మీద చెయ్యి వేసిన సంగతో చెబితే "ఎవ్వరికీ చెప్పను" అని మాటివ్వకు. "నాకు చెప్పి మంచిపని చేసినవ్, నీకు సాయం చేసేవాళ్లకే చెప్త" అను. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి. లైంగిక వేధింపైతే పోలీసులకు తెలపడం పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. తక్కిన ఇంటి ముచ్చట్లు మాత్రం స్టాఫ్‌రూంలో ఎత్తకు. ఒక్కసారి బయటపడితే ఆ పిల్ల మళ్లీ నోరు విప్పదు.

భోజనాల దగ్గర ఒంటరిగా కూర్చునే పిల్లల పేర్లు రాసిపెట్టుకో. దసరా సెలవులకు హనుమకొండ వచ్చినప్పుడు తీసుకురా, ఎవరిని ఎవరితో జట్టు వెయ్యాలో కూర్చుని చూద్దాం.

మీ పెద్దబాపు